బాక్టీరియా వ్యాధులు

బాక్టీరియా అను ఏకకణ సూక్ష్మజీవులు శరీరములో ప్రవేశించి వృద్ధి చెందుట వలన, లేదా అవి విడుదల చేసే విషపదార్థాల వలన కలిగే వ్యాధులను బాక్టీరియా వ్యాధులు అంటారు. కలరా, టైఫాయిడ్, క్షయ, కుష్ఠు, న్యుమోనియా, ధనుర్వాతము, కంఠసర్పి, కోరింత దగ్గు, మూత్రనాళ వ్యాధులు, సెగగడ్డలు వీటిలో ముఖ్యమైనవి. వీటిలో ఎక్కువ భాగము సకాలములో గుర్తించి సరియైన మందు వాడితే పూర్తిగా నయమవుతాయి. అయితే మందు కంటే ముందు వ్యాధి వచ్చే దారిని మూసివేయుట ముఖ్యము. ఒక వ్యాధి నీటి ద్వారా వచ్చునదా, గాలి ద్వారా వచ్చునదా, గాయము ద్వారా వచ్చునదా అని తెలిస్తేనే దానిని ఆపే ఉపాయము తెలుస్తుంది. ఈ వ్యాసములో ఈ వ్యాధులు వ్యాపించే విధము, చికిత్స, నివారణ పద్ధతులు, రాయలసీమలోని నల్లమల అడవుల అంచున ఉన్న ఆత్మకూరు ప్రాంతపు ఉదాహరణలతో వివరించబడ్డాయి.

బాక్టీరియా, వైరస్‌ల మధ్య తేడా

బాక్టీరియాలు స్వతంత్రముగా జీవించగల కణాలు. నేలలో, నీటిలో, మనిషి చర్మము మీద, ప్రేగులలో ఇవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. వీటిలో అధిక భాగము హాని చేయవు. పాలు పెరుగుగా తోడుకొనేది కూడా బాక్టీరియా వలననే. కొన్ని జాతులు మాత్రమే వ్యాధికారకాలు.

వైరస్‌లు అంతకంటే చాలా చిన్నవి. ఇవి ఇతర జీవకణములో చేరితే తప్ప వృద్ధి చెందలేవు. జలుబు, ఫ్లూ, డెంగ్యూ, తట్టు, అమ్మోరు వైరస్ వ్యాధులు. మలేరియా ఈ రెంటికీ చెందదు, అది ప్రోటోజోవా అనే వేరొక జాతి పరాన్నజీవి వలన కలుగుతుంది. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా కణపు గోడను గాని, అది ప్రోటీనులను తయారు చేసే యంత్రాంగమును గాని దెబ్బ తీస్తాయి. వైరస్‌కు ఆ గోడ గాని, ఆ యంత్రాంగము గాని ఉండదు. అందుచేత జలుబుకు, డెంగ్యూ జ్వరమునకు ఈ మందులు ఏమాత్రము పని చేయవు.

వ్యాపించే మార్గాలు

* నీరు, ఆహారము: రోగి మలములోని బాక్టీరియా త్రాగునీటిలోనో ఆహారములోనో కలిసి మరొకరి నోటిలోకి చేరుతుంది. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాలు ఈ విధముగా వస్తాయి. ఈగలు, కడగని చేతులు ఈ వ్యాప్తికి తోడ్పడతాయి.
* గాలి: రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడే తుంపరల ద్వారా క్షయ, కోరింత దగ్గు, కంఠసర్పి, న్యుమోనియా వ్యాపిస్తాయి.
* చర్మ స్పర్శ: సెగగడ్డలు, చీము పుండ్లు ఒకే తువ్వాలు, ఒకే పక్క వాడుట వలన ఇంటిలో ఒకరి నుండి ఒకరికి వస్తాయి.
* గాయాలు: మట్టిలో, పశువుల పేడలో ఉండే ధనుర్వాత బీజాలు గాయము ద్వారా శరీరములో చేరతాయి.
* పశువులు: దొమ్మ రోగము, బ్రూసెల్లా జ్వరము పశువుల నుండి మనుషులకు సంక్రమిస్తాయి.
* కీటకాలు: ప్లేగు ఎలుకల మీది గోమార్ల వలన, స్క్రబ్ టైఫస్ పొదలలో ఉండే నల్లి జాతి పురుగు పిల్లల వలన వస్తాయి.

ఆత్మకూరు ప్రాంతము

ఆత్మకూరు నంద్యాల జిల్లాలోని పట్టణము. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇదే పేరుతో నెల్లూరు, అనంతపురం, వనపర్తి జిల్లాలలో కూడా ఊళ్లు ఉన్నాయి. కర్నూలు నుండి దోర్నాలకు పోయే దారిలో నల్లమల అడవులు మొదలయ్యేది ఇక్కడే. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యములో ఆత్మకూరు ఒక అటవీ విభాగము. బైర్లూటి, నాగలూటి వంటి చెంచు గూడేలు ఈ ప్రాంతములోనివి.

ఘాటు రోడ్లు రాక పూర్వము శ్రీశైలమునకు పోయే ముఖ్యమైన కాలిబాటలలో ఒకటి ఆత్మకూరు మీదుగా నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి పోయేది. 1830లో మద్రాసు నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలము చేరినది ఈ దారినే. నేటికీ శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు, ముఖ్యముగా కర్ణాటక నుండి వచ్చేవారు, ఈ అడవి దారిన కాలినడకన పోతారు. ఎండ కాలము మొదలయ్యే రోజులలో, నీటి వసతి తక్కువగా ఉన్న అడవిలో, ఒకే మడుగు వద్ద, ఒకే కుంట వద్ద అనేకులు ఆగుతారు. నీటి ద్వారా వ్యాపించే వ్యాధులకు ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి లేదు. యాత్రల సమయములో తాత్కాలిక వైద్య శిబిరాలు, మరుగుదొడ్లు, శుద్ధి చేసిన నీటి తొట్లు ఏర్పాటు చేయుట వెనుక ఉన్న కారణము ఇదే.

కరువు కూడా ఇటువంటి పరిస్థితినే కల్పిస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో తీవ్రముగా దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. ఆ కరువులో ఆకలితో పాటు కలరా కూడా అసంఖ్యాకముగా ప్రాణాలు తీసింది. నీరు తగ్గిన కొలదీ మిగిలిన నీటి వద్దకే అందరూ చేరుట, చేతులు, పాత్రలు కడుగుటకు నీరు చాలకపోవుట, ఆహారము లేక శరీరము బలహీనపడుట ఇందుకు కారణాలు.

నేడు ఈ ప్రాంతములో కుళాయిలు, బోరు బావులు ఉన్నప్పటికీ ఒక చిక్కు మిగిలి ఉంది. రోజులో కొద్ది సేపు మాత్రమే నీరు వదిలే చోట్ల, నీరు ఆగిన తరువాత గొట్టములో పీడనము తగ్గిపోతుంది. గొట్టానికి పగులు ఉండి, అది మురుగు కాలువ ప్రక్కన ఉంటే బయటి మురుగు లోపలికి పీల్చబడుతుంది. తరువాత వదిలిన నీటితో అది ఇండ్లకు చేరుతుంది. ట్యాంకు వద్ద నీరు శుభ్రముగా ఉన్నా కుళాయి వద్ద కలుషితమగుట ఈ విధముగా జరుగుతుంది. అందుచేత క్లోరిన్‌ను ట్యాంకు వద్ద మాత్రమే గాక చివరి కుళాయి వద్ద కూడా పరీక్షించవలెను. అక్కడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలెను.

ముఖ్యమైన వ్యాధులు

కలరా

విబ్రియో కలరే అనే బాక్టీరియా వలన వస్తుంది. వాంతిభేది, గత్తర అని తెలుగు పేర్లు. కడిగిన బియ్యపు నీళ్ల వంటి విరేచనాలు దీని గుర్తు. ఈ బాక్టీరియా విడుదల చేసే విషము వలన ప్రేగులలోకి నీరు, లవణాలు కారిపోతాయి. 1959లో కలకత్తా శాస్త్రజ్ఞుడు శంభునాథ్ డే ఈ విషపదార్థపు ఉనికిని నిరూపించాడు. రోగి మరణించేది బాక్టీరియా వలన నేరుగా కాదు, శరీరములోని నీరు పోవుట వలన. కాబట్టి ప్రధాన చికిత్స పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఇచ్చుటయే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థి శిబిరాలలో దిలీప్ మహలనబిస్ ఉప్పు-చక్కెర ద్రావణమును పెద్ద ఎత్తున వాడి మరణాలను బాగా తగ్గించాడు.

పొట్లము దొరకనపుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల చెంచాల (టీ చెంచా) చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవచ్చును. ఉప్పు ఎక్కువ కాకూడదు. విరేచనాలు అగుచుండగా నీరు, ఆహారము మాన్పించుట హానికరము. పసిపిల్లలకు తల్లిపాలు ఆపరాదు. పిల్లలకు 14 రోజుల పాటు జింకు మాత్రలు కూడా ఇస్తారు. రోగి మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, మూత్రము ఆగిపోయినా ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొనిపోయి సెలైన్ ఎక్కించవలెను.

టైఫాయిడ్

సాల్మొనెల్లా టైఫి అనే బాక్టీరియా వలన వస్తుంది. దీనిని ఆంత్ర జ్వరము అని కూడా అంటారు. బాక్టీరియా శరీరములో చేరిన ఒకటి నుండి మూడు వారాలకు జ్వరము మొదలై రోజు రోజుకు పెరుగుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవుట, కడుపు నొప్పి, మలబద్ధకము లేదా విరేచనాలు ఉంటాయి. చికిత్స లేకపోతే మూడవ వారములో ప్రేగుకు రంధ్రము పడి ప్రాణాపాయము కలుగవచ్చును. జ్వరము తగ్గిన తరువాత కూడా కొందరి పిత్తాశయములో ఈ బాక్టీరియా నిలిచి ఉండి, ఏ బాధా లేకుండానే మలము ద్వారా వెలువడుతుంది. అటువంటి వారు వంట చేసినపుడు, వడ్డించినపుడు చేతులు సబ్బుతో కడుగుకొనకపోతే ఇతరులకు వ్యాధి సోకుతుంది.

హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ తయారు చేసిన టైఫాయిడ్ సంయుగ్మ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోద జాబితాలో చేరిన మొదటి అటువంటి టీకా. దీనిని ఆరు నెలలు నిండిన పిల్లలకు వేయవచ్చును. పాకిస్తాన్ 2019లో, నేపాల్ 2022లో ఈ రకపు టీకాను తమ జాతీయ టీకా కార్యక్రమాలలో చేర్చాయి.

క్షయ

మైకోబాక్టీరియమ్ ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా వలన వస్తుంది. దీనిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కఫములో రక్తము దీని లక్షణాలు. మందులు లేని కాలములో మంచి గాలి, విశ్రాంతి, ఆహారము మాత్రమే చికిత్సగా ఉండేవి. 20వ శతాబ్దపు తొలి దశకాలలో రాయలసీమలోని మదనపల్లె సమీపమున స్థాపించబడిన క్షయ ఆరోగ్యాశ్రమము అందుకు ప్రసిద్ధి చెందినది. ఆ ఊరికి ఆరోగ్యవరము అను పేరు దాని వలననే వచ్చినది.

నేడు సాధారణ క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో కఫ పరీక్ష, మందులు ఉచితము. చికిత్స కాలములో పోషకాహారమునకు ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచినది. రెండు నెలలకే దగ్గు తగ్గి రోగి కోలుకొన్నట్లు కనిపిస్తాడు. ఆ దశలో మందు మానివేయుట వలననే మొండి క్షయ పుడుతుంది. అడవి గూడేలలో, వలస కూలీలలో చికిత్స మధ్యలో ఆగకుండా చూచుట ప్రత్యేక శ్రద్ధ వహించవలసిన విషయము.

కుష్ఠు

స్పర్శ లేని, పాలిపోయిన లేదా రాగి రంగు మచ్చ దీని మొదటి గుర్తు. ఇది పూర్వజన్మ పాపము గాని, వంశపారంపర్యము గాని కాదు. బాక్టీరియా వలన చాలా నెమ్మదిగా వచ్చే వ్యాధి. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపిన బహుళ ఔషధ చికిత్సను వ్యాధి తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలు ఉచితముగా ఇస్తారు. చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు వ్యాపించుట ఆగిపోతుంది. నరములు దెబ్బతినక ముందే మందు వాడితే వేళ్లు వంకర పోవు.

స్క్రబ్ టైఫస్

ఓరియెన్షియా సుసుగముషి అనే బాక్టీరియా వలన వస్తుంది. పొదలు, గడ్డి ఉన్న చోట తిరిగే వారిని కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టుట వలన ఇది సోకుతుంది. జ్వరము, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు ఉంటాయి. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు కట్టిన పుండు కనిపించవచ్చును. చంకలు, గజ్జలు, నడుము వద్ద వెదికితే గాని ఇది కనబడదు. నొప్పి లేకపోవుట చేత రోగికే తెలియకపోవచ్చును. డాక్సీసైక్లిన్ వాడిన ఒకటి రెండు రోజులలో జ్వరము దిగుతుంది. గుర్తించక ఆలస్యము చేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బ తినవచ్చును. కట్టెలకు, తేనెకు, పశువులను మేపుటకు పొదలలో తిరిగేవారి జ్వరములో దీనిని గుర్తు పెట్టుకొనవలెను.

దొమ్మ రోగము

ఆంథ్రాక్స్ అని ప్రసిద్ధము. గొర్రెలు, మేకలు, ఎద్దులు అకస్మాత్తుగా చనిపోయి ముక్కు, ఆసనము నుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుట దీని గుర్తు. ఈ బాక్టీరియా బీజాలు నేలలో దశాబ్దాల తరబడి జీవించి ఉంటాయి. చచ్చిన జీవాన్ని కోసిన వారికి, తోలు తీసిన వారికి చేతుల మీద నొప్పి లేని నల్లని పుండ్లు వస్తాయి. మాంసము తింటే ప్రేగులకు సోకుతుంది. నష్టపోయిన కాపరికి మాంసము అమ్ముకొని కొంతైనా రాబట్టుకొనవలెనని అనిపించుట సహజము, కాని ప్రాణాపాయము అక్కడే ఉన్నది. అటువంటి జీవాన్ని కోయకుండా సున్నము చల్లి లోతుగా పూడ్చి, పశువైద్యునికి తెలుపవలెను. మిగిలిన మందకు టీకా వేయించవలెను. మనుషులకు వచ్చినపుడు సకాలములో యాంటీబయాటిక్ మందు వాడితే చర్మపు పుండు నయమవుతుంది.

ధనుర్వాతము

గాయములో చేరిన బాక్టీరియా విడుదల చేసే విషము నరములకు సోకి దవడలు బిగుసుకొనిపోయి శరీరము విల్లువలె వంగుతుంది. ఇది మనిషి నుండి మనిషికి అంటదు. గాయమునకు పేడ, మట్టి, బూడిద పూయరాదు. సబ్బుతో, ధారాళమైన నీటితో కడిగి టీకా వేయించుకొనవలెను. శిశువు బొడ్డును శుభ్రమైన పరికరముతో కోయుట, గర్భిణులకు టీకా వేయుట వలన భారతదేశములో నవజాత శిశువుల ధనుర్వాతము దాదాపు కనుమరుగైనది.

వ్యాధి నిర్ధారణ

జ్వరము ఒక లక్షణమే గాని వ్యాధి కాదు. నల్లమల పరిసరాలలో టైఫాయిడ్, మలేరియా, డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ మొదటి రోజులలో ఒకే విధముగా కనిపించవచ్చును. నాలుగింటికీ చికిత్సలు వేరు వేరు.

టైఫాయిడ్ కొరకు గ్రామీణ వైద్యశాలలలో ఎక్కువగా చేసే విడాల్ పరీక్ష 1896 నాటిది. ఇది బాక్టీరియాను కాక, దానికి వ్యతిరేకముగా శరీరము తయారు చేసిన ప్రతిరక్షకాలను చూపిస్తుంది. పూర్వము ఎప్పుడో టైఫాయిడ్ వచ్చినవారికి, టీకా వేసుకొన్నవారికి, వేరే జ్వరాలు ఉన్నవారికి కూడా ఇది ఉన్నట్లు చూపవచ్చును. జ్వరము వచ్చిన తొలి రోజులలో నిజముగా టైఫాయిడ్ ఉన్నా లేనట్లు చూపవచ్చును. కావున ఒక్క విడాల్ పరీక్షతో టైఫాయిడ్ అని నిర్ణయించుట సరికాదు. యాంటీబయాటిక్ మందు మొదలుపెట్టక ముందే రక్తము తీసి కల్చర్ పరీక్ష చేయుట మేలైన పద్ధతి. ఏ మందుకు బాక్టీరియా లొంగుతుందో కూడా దాని వలన తెలుస్తుంది.

చికిత్స

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. 1943లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ క్షయకు మొదటి మందు. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డుగ్గర్ దీనిని కనుగొన్నపుడు అక్కడి పరిశోధనలకు సారథ్యము వహించినవాడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్క్రబ్ టైఫస్‌కు నేడు వాడే డాక్సీసైక్లిన్ ఈ జాతి మందే.

మందు వాడునపుడు పాటించవలసిన ముఖ్య నియమాలు:

* వైద్యుని సలహా లేకుండా యాంటీబయాటిక్ మందు కొని వాడరాదు.
* చెప్పిన మోతాదులో, చెప్పిన వేళలకు, చెప్పినన్ని రోజులు వాడవలెను.
* మిగిలిన మాత్రలను మరొక జ్వరమునకు గాని, మరొకరికి గాని ఇవ్వరాదు.
* దద్దుర్లు, ముఖము వాచుట, ఆయాసము వస్తే వెంటనే మందు ఆపి వైద్యునికి చూపవలెను.
* సూదిమందు, సెలైన్ మాత్రకంటే గొప్పవి అనుకొనుట సరికాదు. మ్రింగగలిగిన రోగికి చాలా వ్యాధులలో మాత్రలే చాలును.

మందులకు లొంగని బాక్టీరియా

కోట్ల బాక్టీరియాలలో కొన్ని సహజముగానే ఒక మందును తట్టుకొంటాయి. అనవసరముగా గాని, తక్కువ మోతాదులో గాని మందు వాడినపుడు బలహీనమైనవి చనిపోయి, తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. ఈ శక్తిని ఒక జాతి బాక్టీరియా మరొక జాతికి కూడా అందించగలదు. మందుకు అలవాటు పడేది రోగి శరీరము కాదు, బాక్టీరియా.

టైఫాయిడ్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 1948 నుండి క్లోరాంఫెనికాల్ దీనికి దివ్యౌషధముగా ఉండేది. 1972లో కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ ప్రబలినది. తరువాత సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి, అది కూడా భారతదేశములో చాలా వరకు పని చేయకుండా పోయినది. ప్రస్తుతము సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ ఎక్కువగా వాడుతున్నారు. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రములో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయలుదేరినది. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకు మరొక దోషము ఉన్నది. ఇవి క్షయ బాక్టీరియాను కూడా కొంతకాలము అణచుట వలన, టైఫాయిడ్ అని భ్రమించి వాడినపుడు అసలు క్షయ బయటపడుట ఆలస్యమవుతుంది.

మందుల కర్మాగారాల వ్యర్థాలు కూడా ఒక కారణము. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో శుద్ధి చేసిన తరువాత వదిలిన నీటిలో సైతము సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించారు. ముఖ్యమైన యాంటీబయాటిక్ మందులను 2014 మార్చి 1 నుండి హెచ్1 జాబితాలో చేర్చి, మందుల దుకాణాలు రోగి పేరు, వైద్యుని పేరు నమోదు చేయవలెనని కేంద్ర ప్రభుత్వము నిర్బంధించినది. కోళ్ల మేతలో కోలిస్టిన్ వాడకమును 2019లో నిషేధించినది.

నివారణ

* త్రాగునీటిని తెర్ల కాచి చల్లార్చి మూత పెట్టవలెను. కాచుటకు వీలు కానపుడు క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగవలెను.
* కొనుగోలు చేసిన నీటి క్యాను శుభ్రమైనదే అయినా, చెయ్యి ముంచి తీసిన గ్లాసు వలన నీరు కలుషితమవుతుంది. పిడి ఉన్న గరిటెతో గాని, కుళాయితో గాని తీసుకొనవలెను.
* మలవిసర్జన తరువాత, వంటకు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుగవలెను. నీరు తక్కువగా ఉన్న ఊళ్లలో ఈ కొద్ది నీటిని చివరగా పొదుపు చేయవలెను గాని మొదట కాదు.
* బోరు చుట్టూ నీరు నిలువకుండా సిమెంటు చప్టా ఉండవలెను. మరుగుదొడ్డి గుంట దానికి దూరముగా ఉండవలెను.
* పిల్లలకు పుట్టగానే బి.సి.జి., 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలు వేయించవలెను. ఇవి కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతముల నుండి రక్షిస్తాయి.
* దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. ఇంటికి గాలి, వెలుతురు ఉండవలెను.
* పొదలలో పని చేసి వచ్చిన తరువాత స్నానము చేసి బట్టలు మార్చుకొనవలెను.
* ఒకే వీధిలో ఒకరికంటే ఎక్కువ మందికి విరేచనాలు మొదలైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. గొట్టపు పగులును వెదికి పూడ్చనంతవరకు రోగులకు మందులిచ్చినా కొత్త రోగులు వస్తూనే ఉంటారు.

ఇవి కూడా చూడండి

* బాక్టీరియా
* కలరా
* క్షయ
* ధనుర్వాతము
* యల్లాప్రగడ సుబ్బారావు
* ఆత్మకూరు (నంద్యాల జిల్లా)
* నల్లమల అడవులు